శాలువా వద్దు, మూడు గంటలు కావాలి

ఈ డిసెంబరులో మన రాష్ట్రంలో జరగబోయే ఒక సస్యరక్షణ పరిశోధనా సదస్సుకు వర్క్‌షాపు ప్రతిపాదనలు పంపమని నిర్వాహకులు ప్రకటన ఇచ్చారు. శాస్త్రవేత్తలను, విశ్వవిద్యాలయాలను, కంపెనీల పరిశోధన విభాగాలను దృష్టిలో పెట్టుకుని రాసిన ప్రకటన అది. అయితే రైతు సంఘాలు పంపకూడదని అందులో ఎక్కడా లేదు. మన సంఘం తరఫున ఒక ప్రతిపాదన పంపాలని మేము అంటున్నాం. దీని మీద జిల్లా కమిటీలో రెండు అభిప్రాయాలు వచ్చాయి. మండల కమిటీల్లో చర్చ జరిగాకే నిర్ణయం తీసుకోవాలనుకున్నాం కాబట్టి, పంపాలనే వాళ్ల వాదన ఏమిటో, పంపితే అందులో ఏముండాలో సభ్యుల ముందు పెడుతున్నాం.

పరిశోధనా సదస్సు అంటే ఎక్కువ భాగం పేపర్లు చదవడమే. ఒక్కొక్కరికి పది పదిహేను నిమిషాలు. తెర మీద బొమ్మలు, గ్రాఫులు, చివర రెండు ప్రశ్నలు, చప్పట్లు, తరవాతి వక్త. వర్క్‌షాపు అలా కాదు. ఒకే సమస్య తీసుకుని రెండు మూడు గంటలు ఇరవై ముప్పై మంది కలిసి కూర్చుని చేతులతో పని చేస్తారు. ఉపన్యాసం తక్కువ, పని ఎక్కువ. సదస్సు మొత్తంలో మనలాంటి వాళ్లు అడుగుపెట్టడానికి వీలున్న తలుపు ఇదొక్కటే అని మా నమ్మకం.

ఇప్పటిదాకా సదస్సుల్లో మనకు దొరికిన చోటు ఏది? ‘రైతు-శాస్త్రవేత్తల ముఖాముఖి’ అని ఒక కార్యక్రమం పెడతారు. పేరు ముఖాముఖే గానీ, వాళ్లు వేదిక మీద, మనం కింద. ముందు వరసలో పది మంది ఆదర్శ రైతులు, వాళ్లకు శాలువాలు, జ్ఞాపికలు, ఫొటో. మిగిలిన వాళ్లకు భోజనం కూపన్లు. పొద్దున పదికి అన్నది ముఖ్య అతిథి వచ్చేసరికి పన్నెండవుతుంది. చివర్లో మైకు మన చేతికిచ్చి ‘క్లుప్తంగా చెప్పండి, టైం లేదు’ అంటారు. ఏడాదంతా ఎవరూ అడగని మనిషికి రెండు నిమిషాలు మైకు ఇస్తే విత్తనం దగ్గర నుంచి రుణమాఫీ దాకా అన్నీ ఆ రెండు నిమిషాల్లోనే చెప్పుకుంటాడు. అప్పుడు వేదిక మీద ఉన్నవాళ్లు ఒకళ్ల ముఖం ఒకళ్లు చూసుకుని నవ్వుతారు. రైతులకు సాంకేతిక చర్చ చేతకాదన్న ముద్ర అలా పడుతుంది. ఆ ముద్ర వేసింది ఆ ఏర్పాటే.

మిర్చి సంగతి తీసుకుందాం. 2021 ఖరీఫ్‌లో వేసిన తోటల్లో పూత మీదకు నల్లటి సన్న పురుగు దిగింది. మనకు తెలిసిన తామర పురుగు ఆకును పట్టేది, ఆకు పై ముడత పడేది. ఇది పూతలో దూరి పూతనే తినేసింది. పూత రాలింది, నిలిచిన కాయ గిడసబారింది. గుంటూరు, ప్రకాశం, ఖమ్మం జిల్లాల్లో ఎంతో మంది తోటలు పీకేశారు. మందు మీద మందు కొట్టినా ఆగలేదు. ఇది థ్రిప్స్ పార్విస్పైనస్ అనే కొత్త జాతి అని, ఆగ్నేయాసియా నుంచి వచ్చిందని శాస్త్రవేత్తలు తేల్చారు. మన దేశంలో ఇది ఉన్నట్టు 2015లోనే బెంగళూరులో బొప్పాయి మీద గుర్తించి పత్రికలో రాశారు.

2015 నుంచి 2021 వరకు ఆరేళ్లు. కబురు పరిశోధనా పత్రికలో అచ్చయింది, సదస్సుల్లో చదివారు. మన ఊళ్లకు మాత్రం పురుగే ముందు వచ్చింది, కబురు తరవాత వచ్చింది. రెండో వైపు నుంచి కూడా అంతే. పూత దులిపితే తెల్ల కాగితం మీద నల్లగా పాకుతున్నాయని, ఇది పాత తామర కాదని తోటలో పని చేసే ఆడవాళ్లు మొదటి వారంలోనే అన్నారు. ఆ మాట ఎవరికి చెప్పాలి? ఏ బల్ల మీద పెట్టాలి? పురుగుమందుల షాపులో చెప్పారు. షాపులో ఏం జరుగుతుందో మీకు తెలుసు. ఒక డబ్బా బదులు రెండు ఇచ్చారు.

కాబట్టి ప్రతిపాదనకు మేము అనుకుంటున్న విషయం మిర్చి మీద తామర పురుగు. అందులోనూ ఒకే ఒక ప్రశ్న: పూతలో ఎన్ని పురుగులుంటే మందు కొట్టాలి, ఎన్ని ఉన్నా ఆగొచ్చు?

‘ఇంత చిన్న ప్రశ్నా? గిట్టుబాటు ధర, కౌలు చట్టం, పంటల బీమా ఇవన్నీ ఎటు పోయాయి?’ అని కమిటీలో కొందరు అడిగారు. అవన్నీ ఈ ప్రశ్న కడుపులోనే ఉన్నాయి. ఎలాగో కాస్త ఓపిగ్గా చూడండి.

సస్యరక్షణ శాస్త్రంలో ఆర్థిక నష్ట స్థాయి అనే మాట ఉంది. కాలిఫోర్నియాలో స్టెర్న్, ఆయన సహచరులు 1959లో రాసిన వ్యాసంతో ఇది స్థిరపడింది. మన భాషలో చెప్పాలంటే, పురుగు కనపడగానే మందు కొట్టడం దండగ. పురుగు వల్ల పోయే పంట విలువ, మందు కొట్టడానికయ్యే ఖర్చుతో సమానమయ్యే దశ ఒకటుంటుంది. అక్కడికి చేరబోతోందని తెలిసినప్పుడు కొట్టాలి, ఈలోగా ఆగాలి. ఈ లెక్కలో నాలుగు అంకెలు కావాలి. ఒక్కో పురుగు ఎంత నష్టం చేస్తుంది, మందు ఎంతవరకు పని చేస్తుంది, మందు కొట్టే ఖర్చెంత, పంట ధరెంత. మొదటి రెండూ శాస్త్రవేత్తల దగ్గరుంటాయి. తరవాతి రెండూ ఎవరి దగ్గరున్నాయి?

ఒక ఉదాహరణ వేసుకుందాం. మందు, కూలి, తైవాన్ స్ప్రేయరుకు పెట్రోలు కలిపి ఎకరానికి ఒక్కసారి కొట్టడానికి 1,500 రూపాయలనుకోండి. మిర్చి క్వింటాలు 20,000 ఉంటే ఆ ఖర్చు ఏడున్నర కిలోల కాయతో సమానం. క్వింటాలు 10,000కు పడితే పదిహేను కిలోలతో సమానం. అంటే ధర సగానికి పడిపోతే, మందు కొట్టకుండా ఓర్చుకోదగిన నష్టం రెట్టింపవుతుంది. ఇది ఊహకు వేసిన లెక్కయినా ఊహకందని ధరలు కావు. 2023లో గుంటూరు యార్డులో క్వింటాలు 20,000 దాటి అమ్మాం. 2025 ఫిబ్రవరికి ధర ఎంత పడిపోయిందంటే, కేంద్రం మార్కెట్ జోక్య పథకం కింద మన మిర్చికి క్వింటాలు 11,781 రూపాయలని ప్రకటించాల్సి వచ్చింది. మిర్చికి మద్దతు ధర లేదు కదా, అందుకే ఆ పథకం. ఈ రెండు సంవత్సరాల్లో పూతకు ఎన్ని పురుగులు దాటితే మందు కొట్టాలన్న అంకె ఒకటే ఎలా అవుతుంది? కరపత్రంలో అచ్చేసిన అంకె యార్డులో ధరతో పాటు మారదు.

ఇక కౌలు రైతు లెక్క వేరు. అతను మందు నగదుకు కొనడు, ఖాతాలో తెస్తాడు. దాని మీద వడ్డీ పడుతుంది, అమ్మకంలో కోత పడుతుంది. కాబట్టి అతనికి ఒక స్ప్రే 1,500 కాదు, ఇంకా ఎక్కువ. లెక్క ప్రకారం అతను ఇంకా ఎక్కువ ఆగాలి. కానీ ఆగడు. కౌలు ముందే కట్టేశాడు, పంట పోతే నిలబడడానికి ఇంకేమీ లేదు. పక్క చేనువాడు కొడితే అతనూ కొడతాడు. భయం లెక్కను మింగేస్తుంది. ఈ భయానికి శాస్త్రంలో ఏ అంకె ఇస్తారు? మాకు నిజంగానే తెలుసుకోవాలని ఉంది.

ధర, అప్పు, కౌలు అనే మాటలు సాంకేతిక సదస్సులో మాట్లాడేవి కావని ఇకముందు ఎవరూ అనకూడదు. అవి వాళ్ల సూత్రంలోనే ఉన్నాయి, వాళ్లు 1959 నుంచి వాడుతున్న సూత్రంలో. వాటిని నింపవలసిన మనుషులను మాత్రం గది బయట కూర్చోబెట్టారు.

ఇక ప్రతిపాదన పత్రం సంగతి. అది మరీ బ్రహ్మవిద్యేమీ కాదు. శీర్షిక, ఉద్దేశం, ఎవరు నడుపుతారు, ఎంతమంది, ఎంతసేపు, ఏం చేయిస్తారు, ఏం సామాను కావాలి, చివరికి ఏం తేలుతుంది. ఇవే గళ్లు. బ్యాంకు రుణం దరఖాస్తు కన్నా చిన్నది. ఇంగ్లీషులో అడిగారు కాబట్టి ఇంగ్లీషులో ఇద్దాం, తెలుగు ప్రతి కూడా జత చేద్దాం. మిగతా గళ్లు నింపడానికి ఇబ్బంది లేదు. ‘ఏం చేయిస్తారు’ అన్న గడి దగ్గరే మన ప్రతిపాదన నిలుస్తుందో పడుతుందో తేలుతుంది. ‘రైతులు తమ అనుభవాలు పంచుకుంటారు’ అని రాశామా, మళ్లీ అదే ముఖాముఖి, మళ్లీ అదే మైకు.

మేము అనుకున్నది ఇది. మొత్తం నలభై మంది, అందులో సగం రైతులు, సగం శాస్త్రవేత్తలు. వేదిక ఉండదు, మైకు ఉండదు. అయిదు బల్లలు, బల్లకు ఎనిమిది మంది, నలుగురు వీళ్లు, నలుగురు వాళ్లు. ఆ రోజు తెల్లవారుజామున అయిదు మండలాల నుంచి, అయిదు వేర్వేరు తోటల నుంచి పూత మీదున్న మిరప మొక్కలు వేరుతో సహా పెకలించి పాలిథీన్ సంచుల్లో మూతికట్టి తెస్తాం. ఒక్కో బల్లకు ఒక్కో తోట. దానితో పాటు ఆ తోట రైతు ఈ సీజన్‌లో కొట్టిన మందుల ఖాళీ డబ్బాలు బాగా మూతి బిగించి, షాపు బిల్లులు, బిల్లు ఇవ్వకపోతే చీటీలు. పురుగున్న మొక్కలను హాల్లోకి తెస్తే ఎలా అని నిర్వాహకులు అడగవచ్చు, అడగడం న్యాయమే. పని అయ్యాక సంచులతో సహా కాల్చేసే బాధ్యత మనదని పత్రంలోనే రాద్దాం.

మొదటి ముప్పావు గంట లెక్కపెట్టడం. ఎనిమిది మందీ ఎవరికి వాళ్లు పది పూలు తెల్ల కాగితం మీద దులిపి, భూతద్దంతో చూసి, పక్కవాళ్లకు చెప్పకుండా అంకె రాసుకోవాలి. తరవాత ఎనిమిది అంకెలూ ఒకచోట పెట్టాలి. మా అంచనా ఏమిటంటే ఎనిమిదీ ఒకటి కావు. పిల్ల పురుగును ఒకరు లెక్కేస్తారు, ఒకరు వెయ్యరు. నల్లదాన్ని, పాత జాతిని ఒకరు కలిపేస్తారు. గుడ్డు పూరేకు కణంలో ఉంటుంది, ఎవరికీ కనపడదు. ప్యూపా మట్టిలో ఉంటుంది, మట్టిలో ఉన్నదాన్ని మొక్క మీద కొట్టిన మందు ఏం చేస్తుంది? వేరుతో తెమ్మన్నది అందుకే. ఆ మట్టిని కూడా దులిపి చూడాలి. ‘సగటున ఇన్ని పురుగులు దాటితే’ అనే సిఫార్సు అంతా ఈ లెక్క మీద ఆధారపడి ఉంది కాబట్టి, ఆ లెక్క పొలంలో ఎంత తడబడుతుందో రెండు వైపుల వాళ్లూ ఒకే బల్ల దగ్గర చూడాలి.

ఆ తరవాత గంటా పావు చీటీల పని. ప్రతి బల్లకు ఒక చీటీ ఇస్తాం. ఒక చీటీ ఇలా ఉండొచ్చు:

‘రెండెకరాల కౌలు. నాటి 75 రోజులు. పూతకు సగటున ఆరు పురుగులు. నాలుగు రోజుల క్రితం మందు కొట్టారు, పేరు గుర్తులేదు, డబ్బా ఉంది. షాపులో ఖాతా 60 వేలు. ఇక అప్పివ్వనంటున్నాడు, ఒక మందు మాత్రం అయితే ఇస్తానంటున్నాడు. రేపు ముసురు పట్టేలా ఉంది. నీలిరంగు జిగురు అట్టలు పెట్టమన్నారు, ఎకరానికి చాలినన్ని కొనలేదు. ఇంటి ఆడమనిషి పక్క ఊరికి కాయకోతకు వెళ్లింది. ఈ రోజు సాయంత్రం ఏం చేయాలి?’

మొదట ఆ బల్ల దగ్గరి శాస్త్రవేత్తలు ఆ రైతు స్థానంలో కూర్చుని నిర్ణయం చెప్పాలి. పుస్తకంలో ఉన్నది కాదు, ఆ చీటీలో ఉన్న డబ్బుతో, ఆ వానలో, ఆ షాపుతో. తరవాత రైతులు శాస్త్రవేత్త స్థానంలో కూర్చుని, అదే చీటీ చూసి సిఫార్సు రాయాలి. జిల్లాలో లక్ష మంది చదివే సిఫార్సు. ఒకరికి సరిపోతే చాలదు, ఎవరికీ హాని చేయకూడదు. అది కూడా తేలికేం కాదని మనవాళ్లకూ తెలియాలి. సింథటిక్ పైరిత్రాయిడ్లు కొడితే మిత్ర పురుగులు చచ్చి తామర ఇంకా పెరుగుతుందని వాళ్లు ఎందుకంటారో, ఆ స్థానంలో కూర్చుంటే మనకు బాగా పడుతుంది. చివరి గంటలో ప్రతి బల్లా ఒకే ఒక్క ప్రశ్న రాయాలి. ఇంకా సమాధానం లేని ప్రశ్న, వచ్చే ఖరీఫ్‌లో మన పొలాల్లోనే పరీక్షించగలిగిన ప్రశ్న. దాని కింద ఒక శాస్త్రవేత్త పేరు, ఒక రైతు పేరు, ఏ ఊళ్లో చేస్తారో రాసి సంతకాలు పెట్టాలి.

షాపు డీలర్లను పిలవాలా అన్నదాని మీద కమిటీలో గట్టిగానే వాదన జరిగింది. వద్దన్నవాళ్ల కోపం అర్థమవుతుంది. మా అభిప్రాయం మాత్రం ఇద్దరిని పిలవాలనే. మన ఊళ్లలో సిఫార్సు చేస్తున్నది నిజానికి వాళ్లే. అయిదు బల్లల దగ్గర ఏ మందు ఎందుకు ఇస్తావని నలుగురు అడిగినప్పుడు ఏం చెబుతారో విందాం.

రైతుల వైపు వచ్చే ఇరవై మంది ఎవరన్నది అంతకన్నా ముఖ్యం. సంఘం నాయకులు, నాలాంటి తెల్లచొక్కాలు నలుగురు చాలు. ఎనిమిది మందికి తగ్గకుండా కౌలు రైతులు, ఎనిమిది మందికి తగ్గకుండా ఆడవాళ్లు. రోజుకూలికి మందు కొట్టే ఇద్దరు కుర్రాళ్లను తప్పకుండా తీసుకెళ్లాలి. ఏ గాలిలో ఏ మందు ముఖం మీద పడుతుందో వాళ్లకు తెలిసినంత మనకు తెలియదు, లెక్కలో వాళ్ల ఒంటికయ్యే నష్టం ఎవరూ వెయ్యలేదు కూడా.

ఇక వ్యతిరేకంగా వచ్చిన వాదనలు. ‘సదస్సుకు వెళ్లి సాధించేదేముంది, కలెక్టరేట్ ముందు ధర్నా చేస్తే కాస్త కదలిక వస్తుంది’ అని సీనియర్ సభ్యులు కొందరన్నారు. ధర్నా మానమని మేము అనడం లేదు. ధర్నాతో ధర వస్తుంది, పరిహారం వస్తుంది, కొన్నిసార్లు. ధర్నాతో సిఫార్సు మారదు. పురుగుకు ఏ మందు, ఎప్పుడు అన్నది ఏ జీవోలోనూ ఉండదు. అది సదస్సుల్లో, ప్రయోగ క్షేత్రాల్లో తయారై మన దగ్గరికి కరపత్రంగా వస్తుంది. తయారయ్యే చోట మనం ఉండాలి.

రెండో వాదన మన పెద్దరికం గురించి: ‘వాళ్లు పిలవకుండా మనమే దరఖాస్తు పెట్టుకోవడమా?’ పిలిస్తే వెళ్లేవాడు అతిథి. అతిథికి శాలువా కప్పుతారు, సాగనంపుతారు. ప్రతిపాదన పెట్టి వెళ్లేవాడు నిర్వాహకుడు. గది అతనిది, ఆ మూడు గంటలూ అతనివి.

ఇది ఎక్కడా జరగనిది కూడా కాదు. 2001లో జహీరాబాద్ దగ్గర అల్గోల్‌లో ‘ప్రజాతీర్పు’ జరిగింది. అప్పటి రాష్ట్ర ప్రభుత్వం విజన్ 2020 అంటున్న రోజులు. చిన్న, సన్నకారు రైతులు జ్యూరీగా కూర్చున్నారు, అందులో ఎక్కువ మంది ఆడవాళ్లే. అధికారులు, శాస్త్రవేత్తలు, కంపెనీలవాళ్లు సాక్షులుగా వచ్చి తమ వాదన చెప్పుకున్నారు. జ్యూరీ ప్రశ్నలడిగింది, చివర్లో తీర్పు చెప్పింది. ఆ తీర్పు మీద ఇంగ్లండు దాకా వివాదం నడిచింది. వివాదం నడిచిందంటేనే వాళ్ల మాట ఎక్కడో తగిలిందని అర్థం. ఇండోనేషియాలో 1986లో వరి మీద వాడే 57 రకాల పురుగుమందులను ప్రభుత్వం నిషేధించింది. దోమపోటు మందులకు లొంగక, మందుల వల్లే పెరుగుతోందని తేలాక తీసుకున్న నిర్ణయం అది. ఆ తరవాత 1989 నుంచి అక్కడ రైతు క్షేత్ర పాఠశాలలు మొదలయ్యాయి. రైతులు వారం వారం పొలంలో దిగి, పెద్ద కాగితం మీద మొక్క బొమ్మ గీసి, చుట్టూ శత్రు పురుగులు, మిత్ర పురుగులు గీసి, నీళ్లెన్ని, ఎండెంత అని రాసి, మందు కావాలా వద్దా అని వాళ్లలో వాళ్లే తేల్చుకునేవారు. మన దగ్గర పొలంబడి అని నడిచింది దాని సంతానమే. పొలంబడి ఊళ్లో బాగానే ఉంది. ఊళ్లో తేలింది సదస్సు దాకా వెళ్లే దారి మాత్రం ఎవరూ వెయ్యలేదు.

మూడో భయం శాస్త్రవేత్తల వైపు నుంచి వస్తుందని మాకు తెలుసు. వాళ్లను తిట్టడానికి పిలుస్తున్నామనుకుంటారు. కాదని మొదటి పేరాలోనే రాద్దాం. లాం పరిశోధనా స్థానంలో పుట్టిన మిరప రకాలు మన చేలల్లో ఎన్నేళ్లుగా పండుతున్నాయో అందరికీ తెలుసు. శాస్త్రవేత్తకూ సమస్యలున్నాయి. ఖాళీ పోస్టులు నింపరు, ఒక్కరు నాలుగు పంటలు చూస్తారు, ప్రయోగానికి నిధులు కంపెనీ ఇస్తే కంపెనీ మందే పరీక్షించాలి. వాళ్లు ఇవి బల్ల దగ్గర చెప్పగలిగితే మనమూ వింటాం, వాళ్ల డిమాండ్ల పక్కన నిలబడతాం.

ఏ షరతుల మీద వెళ్లాలన్నది చివరి సంగతి. చర్చ తెలుగులో జరగాలి. అర్థం కాని శాస్త్రవేత్త ఉంటే అనువాదకుణ్ణి ఆయనకు పెట్టాలి, మనకు కాదు. ఇది పట్టుదల కోసం అంటున్నది కాదు. మనం ‘బొబ్బర’ అంటాం, ఒక ఊళ్లో అది వైరస్, ఇంకో ఊళ్లో ముడత మొత్తానికీ అదే పేరు. పై ముడత తామరది, కింది ముడత నల్లిది, రెండింటికీ మందు వేరు. ఇది తేలకుండా ఇంగ్లీషు నివేదిక రాస్తే తప్పు పురుగుకు తప్పు మందు అచ్చవుతుంది. రిజిస్ట్రేషన్ ఫీజు మన ఇరవై మందికి రద్దు చేయాలి. కూలికి వెళ్లేవాళ్లకు ఆ రోజు కూలి, దారి ఖర్చులు నిర్వాహకులివ్వాలి, ఇవ్వకపోతే సంఘం భరించాలి. మన గదిలో పురుగుమందుల కంపెనీ బ్యానరు, సంచి, పెన్ను ఏవీ ఉండకూడదు.

ఇంకొక షరతు దగ్గర మేము రాజీపడం. మనం చెప్పినది ఎవరి పేరు మీద రాస్తారన్నది. హెచ్.ఎం.టి. సన్నాలు తెలంగాణలో, మన దగ్గర ఎంతమంది పండించారో లెక్కలేదు. ఆ వడ్లను ఎంపిక చేసి నిలబెట్టింది మహారాష్ట్ర చంద్రపూర్ జిల్లాకు చెందిన దాదాజీ ఖోబ్రాగడే అనే చిన్న రైతు. పటేల్-3 అనే రకం చేలో వేరుగా కనపడ్డ కంకులు ఏరి, ఏళ్ల తరబడి వేసి తేల్చాడు. తరవాత అదే రకాన్ని కొంచెం శుద్ధి చేసి ఒక వ్యవసాయ విశ్వవిద్యాలయం తన పేరు ముందు పెట్టి విడుదల చేసింది. ఆయనకు జాతీయ స్థాయిలో గుర్తింపు వచ్చింది గానీ పేదరికం పోలేదు, 2018లో చనిపోయాడు. 2001 నాటి మొక్కల రకాల పరిరక్షణ, రైతుల హక్కుల చట్టం విత్తనం విషయంలో మనకు కొన్ని హక్కులిచ్చింది. కానీ మందు ఎప్పుడు కొట్టాలి, ఏ పంట పక్కన వేస్తే పురుగు తగ్గింది అన్న జ్ఞానానికి అలాంటి రక్షణ లేదు. కాబట్టి వర్క్‌షాపు నివేదిక ముందు తెలుగులో రాయాలి, పాల్గొన్న రైతులు చదివి లేదా చదివించుకుని ఒప్పుకున్నాకే ఇంగ్లీషులోకి వెళ్లాలి. ఎవరి పేరు వేయమంటే వాళ్ల పేరు, వద్దంటే ఊరి పేరు. ఆ నివేదిక మీద వచ్చే పేపర్లలో రైతులు ‘సమాచారమిచ్చినవారు’ కాదు, రచయితలు.

వీటిలో ఏది ఒప్పుకున్నా ఒప్పుకోకపోయినా ఫరవాలేదన్నట్టు వెళ్లకూడదు. తెలుగు, కూలి, పేరు. ఈ మూడూ కుదరకపోతే ప్రతిపాదన వెనక్కి తీసుకుందాం.

వాళ్లు తిరస్కరిస్తే? తిరస్కరించవచ్చు. కారణం రాతలో అడుగుదాం, వచ్చినది ఈ పత్రికలో అచ్చువేద్దాం. సదస్సు జరిగే రోజుల్లోనే, అదే అయిదు బల్లలతో, అదే చీటీలతో ఒక మిర్చి కల్లంలో ఈ వర్క్‌షాపు మనమే పెడదాం. సదస్సుకు వచ్చిన శాస్త్రవేత్తల్లో ఇష్టమున్నవాళ్ల కోసం హాలు గేటు దగ్గర ఒక బస్సు నిలుపుదాం.

మండల కమిటీలు నెలాఖరులోగా సమావేశమై అభిప్రాయం పంపాలి. అనుకూలంగా తీర్మానిస్తే దానితో పాటు మూడు కావాలి. వచ్చేవాళ్ల పేర్లు, అందులో కౌలు రైతులెవరో, కూలికి వెళ్లేవాళ్లెవరో విడిగా రాయాలి. ఈ సీజన్‌లో ఏ తేదీన ఏ మందు ఎంత కొట్టారో రాసుకున్న నోటు పుస్తకాలున్న రైతుల వివరాలు. క్యాలెండరు వెనక, సిగరెట్టు పెట్టె మీద రాసుకున్నా సరే, అవే మనకు చాలా విలువైనవి. ఇక చీటీలు. పైన రాసిన నమూనాలో, మీ ఊళ్లో నిజంగా ఎదురైన సాయంత్రం ఒకటి, పేరు లేకుండా, పది వాక్యాలకు మించకుండా రాసి పంపాలి. రాయడం ఇబ్బందైతే కార్యాలయానికి ఫోన్ చేసి చెప్పండి, మేము రాసుకుంటాం.